పెచ్చు లేవని అంచు: వడ్రంగం నేర్పేవారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఐటీఐల్లో వడ్రంగి ట్రేడు బోధిస్తున్న శిక్షకులకు, పీఎం విశ్వకర్మ వంటి పథకాల కింద చేతివృత్తుల శిక్షణ నడుపుతున్న అధికారులకు:

రౌటర్‌తో కోసిన ప్లైవుడ్ అంచు పెచ్చులు లేస్తే తప్పు పనివాడిదని ఇంటివారంటారు, సరుకుదని పనివాడంటాడు. చాలా సందర్భాల్లో అసలు కారణం ఈ రెండూ కాదు. యంత్రానికి బిగించిన బిట్ ఎలాంటిది, దాని పదును ఎంత, అది ఏ వేగంతో తిరుగుతూ ఎంత వేగంగా ముందుకు సాగుతోంది, కోత పడే చోట చెక్క వెనక ఆసరా ఉందా లేదా అన్నవే అంచు నాణ్యతను నిర్ణయిస్తాయి. ఇవన్నీ నేర్పదగినవి, కొలిచి చూపదగినవి. అయినా పెచ్చు లేచిన చోట పుట్టీ పెట్టడం, బీడింగ్ కొట్టి కప్పడం నేర్పినంత శ్రద్ధగా అసలు పెచ్చు లేవకుండా కోయడం నేర్పడం లేదు. ఈ లేఖ ఆ పాఠం గురించే.

ముందు ప్లైవుడ్ సంగతి. దుంగను తిప్పుతూ పొడవాటి కత్తితో పలచని పొరలుగా ఒలుస్తారు. ఒక పొర నార నిలువుగా ఉంటే దాని మీది పొర నార అడ్డంగా ఉండేలా పేర్చి, మధ్యలో జిగురు పూసి, వేడిమీద గట్టిగా అదుముతారు. పొరల సంఖ్య బేసిగా ఉంటుంది. అప్పుడే పైముఖం, కిందిముఖం నార ఒకే దిశలో ఉండి షీటు వంకర తిరగదు. లోపలి పొరలు మందంగా ఉంటాయి. హర్యానాలోని యమునానగర్ మిల్లుల్లో వాటికి ఎక్కువగా పోప్లార్, జామాయిల్ వాడతారు. కేరళలోని పెరుంబావూరులో రబ్బరు చెక్క వాడకం ఎక్కువ. పైకి కనిపించే ముఖం పొర మాత్రం చాలా పలచన, తరచూ అర మిల్లీమీటరు కూడా ఉండదు. పెచ్చు లేచేది ముఖ్యంగా ఈ పొరే.

పలకచెక్కను కోసేటప్పుడు వడ్రంగి నార వాటం చూసుకుంటాడు. నార వెంబడి చిత్రిక పడితే నున్నగా వస్తుంది, ఎదురు పడితే లేస్తుంది. ప్లైవుడ్‌లో ఈ వెసులుబాటు లేదు. ఏ దిశలో కోసినా దాదాపు సగం పొరలు అడ్డనారతోనే ఎదురవుతాయి. ముఖం పొర నారకు అడ్డంగా కోత పడినప్పుడు ఒక్కో పోగు తెగాలి. పోగు తెగాలంటే అంచుకు పదునుండాలి, పోగు కదలకుండా వెనక ఏదైనా పట్టి ఉంచాలి. వరి కోసేటప్పుడు ఎడమ చేత్తో దుబ్బును బిగించి పట్టుకుంటేనే కొడవలి తెగుతుంది, వదిలేస్తే గడ్డి వాలిపోతుంది. ముఖం పొర పోగులదీ అదే తీరు. బిట్ అంచు వాటిని షీటు లోపలి వైపుకు నొక్కుతూ కోస్తే లోపలి పొరలే ఆసరాగా నిలుస్తాయి. బయటి వైపుకు లాగుతూ కోస్తే గాలి తప్ప ఆసరా లేదు కాబట్టి పోగులు తెగకుండా చీలి లేస్తాయి. ఈ లేఖలో ముందుకు వచ్చే చాలా జాగ్రత్తలకు మూలం ఇదే.

రెండో సంగతి జిగురు. తేమను కొంతవరకే తట్టుకునే ఎంఆర్ గ్రేడు ప్లైలో సాధారణంగా యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు ఉంటుంది. ఐఎస్ 710 ముద్ర ఉన్న మెరైన్ ప్లైలో ఫినాల్ ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, అంచు మీద పొరల మధ్య ముదురు గీతలుగా కనిపించేది అదే. ఎండిన జిగురు చెక్కకన్నా గట్టిది. బిట్ అంచును ఒకే ఎత్తులో, గీత గీత దగ్గర అరగదీస్తుంది. కొంతకాలం వాడిన బిట్‌ను వెలుతురులో తిప్పి చూస్తే అంచు మీద సన్నని నొక్కులు వరసగా కనిపిస్తాయి. వాటి మధ్య దూరం, షీటులో జిగురు గీతల మధ్య దూరం ఒకటే. శిక్షణలో ఒక పాత బిట్‌ను, దానితో కోసిన ప్లై ముక్కను పక్కపక్కన పెట్టి చూపితే ఈ విషయం ఎవరూ మరిచిపోరు.

అందుకే ప్లైవుడ్ పనికి హైస్పీడ్ స్టీల్ బిట్ తగదు. అది కొత్తగా ఉన్నప్పుడు కార్బైడ్ కన్నా పదునుగానే ఉండవచ్చు, కానీ జిగురు గీతల ముందు ఎంతోసేపు నిలవదు. టంగ్‌స్టన్ కార్బైడ్ రేణువులను కోబాల్ట్‌తో కలిపి గట్టిపరిచిన పదార్థమే పనికొస్తుంది. ఇది రెండు రూపాల్లో దొరుకుతుంది. ఉక్కు కాడకు కార్బైడ్ పలకలు అతికించినది ఒకటి, అంగడిలో టీసీటీ అని అడిగితే ఇచ్చేది ఇదే. మొత్తం కార్బైడ్‌తోనే తయారైనది రెండోది, సాలిడ్ కార్బైడ్. తిన్నని అంచుగల స్ట్రెయిట్ బిట్లు ఎక్కువగా మొదటి రకం. మెలి తిరిగిన స్పైరల్ బిట్లు ఎక్కువగా రెండో రకం. కార్బైడ్ గట్టిదే కానీ పెళుసు. సిమెంటు గచ్చు మీద ఒక్కసారి పడినా అంచు విరగవచ్చు. డబ్బాలో ఒకదానితో ఒకటి రాసుకునేలా పోసి ఉంచితే వాడకముందే పాడవుతుంది. పన్నెండు, పదిహేను బిట్లు చెక్కపెట్టెలో అమర్చి చవకగా అమ్మే సెట్లు ప్లైవుడ్ పనికి డబ్బు దండగ. వాటిలో సగానికి పైగా అలంకారపు అంచుల బిట్లే. ఒక షీటు కూడా శుభ్రంగా కోయని పదునుతో వచ్చేవే ఎక్కువ. ఆ సొమ్ముతో మంచి బిట్లు మూడు కొనుక్కోవడం మేలు.

ఇక బిట్ ఆకారం. స్ట్రెయిట్ బిట్ అంచు కాడకు సమాంతరంగా ఉంటుంది. ఎత్తు పొడుగునా అంచు ఒకేసారి చెక్కను తాకుతుంది కాబట్టి అది కోయడంతోపాటు కొడుతుంది కూడా. పోగులను పైకీ లాగదు, కిందికీ నొక్కదు. పదునుగా ఉన్నంతకాలం ఎంఆర్ ప్లైలో గాడులకు, పట్టీలకు చక్కగా పనిచేస్తుంది. మొద్దుబారిన మరుక్షణం అడ్డనార చీలడం మొదలవుతుంది. పని ఎక్కువగా గాడులదే అయితే రెండు అంచుల 6 మి.మీ. స్ట్రెయిట్ బిట్‌తో ఒక మామూలు దుకాణం నడుస్తుంది.

స్పైరల్ బిట్లలో అంచు కాడ చుట్టూ మెలి తిరిగి ఉంటుంది. కోత ఒక్కసారిగా కాకుండా జారుతూ పడుతుంది, అదురు తగ్గుతుంది. అయితే మెలి ఏ వైపుకో తెలియకుండా కొంటే మేలు జరగాల్సిన చోట కీడు జరుగుతుంది. అప్‌కట్ బిట్ పొట్టును కాడవైపు, అంటే యంత్రం వైపు లాగుతుంది. చేత్తో పట్టుకున్న రౌటర్‌లో అంటే పైకి. గాడి శుభ్రంగా ఉంటుంది, వేడి పొట్టుతోపాటే బయటికి పోతుంది, కింది ముఖం నున్నగా వస్తుంది. పై ముఖం పోగులు మాత్రం పైకి లేస్తాయి. డౌన్‌కట్ బిట్ దీనికి సరిగ్గా తలకిందులు. పొట్టును కిందికి నెడుతుంది, పై ముఖం బ్లేడుతో కోసినట్టు తెగుతుంది. కానీ పొట్టు గాడిలో కూరుకుపోయి వేడి పెరుగుతుంది. షీటు అవతలికి దిగితే కింది ముఖాన్ని చీలుస్తుంది. అది చెక్కను కిందికి నెట్టే బలమే యంత్రాన్ని పైకి నెడుతుంది కాబట్టి లోతు తాళం గట్టిగా బిగించి ఉండాలి.

ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. పైకి, కిందికి అన్న మాటలు చేతి రౌటర్‌కు సరిపోతాయి. యంత్రాన్ని బల్ల కింద తలకిందులుగా బిగించిన రౌటర్ టేబుల్ మీద కాడ కిందికి ఉంటుంది. అప్‌కట్ అక్కడ చెక్కను బల్లవైపు లాగి పట్టుకుంటుంది, డౌన్‌కట్ చెక్కను బల్ల మీది నుంచి లేపుతుంది. లేచిన చెక్క వేలిని బిట్ మీదికి లాక్కెళ్లగలదు. అందువల్ల పాఠంలో పైకి, కిందికి అనేకన్నా కాడవైపు లాగేది, కొసవైపు నెట్టేది అని నేర్పడం క్షేమం.

రెండు ముఖాలూ కనిపించే పనికి కంప్రెషన్ బిట్ వచ్చింది. దీని కొసభాగం అప్‌కట్, ఆ పైభాగం డౌన్‌కట్. కింది ముఖం పోగులను పైకి, పై ముఖం పోగులను కిందికి, అంటే రెండింటినీ షీటు లోపలికే నొక్కుతుంది. రెండు వైపులా లామినేట్ లేదా వెనీర్ అతికించిన 18 మి.మీ. షీట్లను సీఎన్‌సీ మీద ముక్కలు చేసే దుకాణాలకు ఇంతకు మించిన బిట్ లేదు. అయితే దీన్ని కొన్నవారిలో చాలామంది పై ముఖం ఇంకా లేస్తూనే ఉందని వాపోతుంటారు. కారణం లెక్కలో ఉంది. కొసన ఉన్న అప్‌కట్ భాగం 7 మి.మీ. అనుకుందాం. మొదటి దఫా 4 మి.మీ. లోతే పెడితే చెక్కలో ఉన్నదంతా అప్‌కట్ భాగమే, డౌన్‌కట్ భాగం షీటు పైన గాలిలో తిరుగుతోంది. పై ముఖం లేవక ఏం చేస్తుంది? మొదటి దఫాయే 7 మి.మీ. దాటి, 9 లేదా 10 మి.మీ. ఉండాలి. యంత్రానికి బలం ఉంటే 18 మి.మీ. మొత్తం ఒకే దఫాలో కోయాలి. కింద పరిచిన అడుగు పలకలోకి బిట్ కొస కొద్దిగా, అర మిల్లీమీటరు లోపు, దిగితే చాలు. కొనేటప్పుడే అప్‌కట్ భాగం పొడవు అడిగి తెలుసుకోవాలి. తక్కువ లోతు గాడులకోసం ఆ భాగాన్ని పొట్టిగా చేసిన కంప్రెషన్ బిట్లు వేరుగా దొరుకుతాయి.

చేతి ట్రిమ్మర్‌తో 6 మి.మీ. బిట్‌ను ఒకే దఫాలో 10 మి.మీ. దించడం సరికాదు. చేతి పనిలో అదే ఫలితం మరో దారిలో వస్తుంది. డౌన్‌కట్ బిట్‌తో ఒక మిల్లీమీటరు లోతున తొలి గీత కోసి ముఖం పొరను తెంపాలి. తర్వాత అప్‌కట్ లేదా స్ట్రెయిట్ బిట్‌తో అదే దారిలో మిగతా లోతు తీయాలి. అప్పటికే పై పోగులు తెగి ఉంటాయి కాబట్టి లేవడానికి ఏమీ మిగలదు. కింది ముఖానికి ఆసరాగా పనికిరాని ప్లై ముక్కను గట్టిగా అదిమి బిగించాలి. డౌన్‌కట్ బిట్ లేనివారు ఉక్కు స్కేలు ఆనించి, పదునైన కట్టర్‌తో కోత గీత మీద ముఖం పొరను రెండు మూడుసార్లు గీస్తే చాలావరకు అదే మేలు దక్కుతుంది. మాస్కింగ్ టేపు కొంత సాయపడుతుంది, కానీ తీసేటప్పుడు పోగుల వాటం చూడకుండా లాగితే అదే పెచ్చు లేపుతుంది.

పూజగది తలుపులకు జాలీ కోసే పని వేరుగా చెప్పుకోదగినది. 12 మి.మీ. ప్లైలో పువ్వు రేకుల మధ్య మిగిలే సన్నని పట్టీలు కొన్నిచోట్ల 5 మి.మీ. కూడా ఉండవు. అప్‌కట్ బిట్ ఆ పట్టీని పైకి లాగి అదరగొడుతుంది, అదిరిన పట్టీ లోపలి పొర దగ్గర చీలుతుంది. లోపలి పొరల్లో ఖాళీ ఉంటే అక్కడే తెగిపోతుంది. చవక ప్లైలో పొరముక్కల మధ్య ఖాళీలు మామూలే, బిట్ వాటిలోకి వచ్చినప్పుడు చప్పుడు ఒక్కసారిగా మారుతుంది. ఇలాంటి పనికి ఖాళీలు లేని ప్లై ఎంచుకోవడం మొదటి జాగ్రత్త. 3 మి.మీ. బిట్‌తో పలచని దఫాలుగా కోయడం, ముందు లోపలి రంధ్రాలన్నీ తీసి బయటి అంచును చివర కోయడం తర్వాతివి. నాజూకైన నమూనా ఎంచుకున్న ఇంటివారికి ఆ పనికి ఎండీఎఫ్ మేలని ముందే చెప్పడం నిజాయితీ, తడి తగలని చోటైతే.

బిట్ కాడ మందం గురించి దుకాణంలో ఎవరూ అడగరు, అడగాలి. మన అంగళ్లలో 6 మి.మీ., పావు అంగుళం అంటే 6.35 మి.మీ., 8 మి.మీ., 12 మి.మీ., అర అంగుళం అంటే 12.7 మి.మీ. కాడలు కలగలిసి ఉంటాయి. 6 మి.మీ. కాడను పావు అంగుళం కొలెట్‌లో, అంటే యంత్రంలో కాడను పట్టే బిగింపులో, బిగిస్తే బిగిసినట్టే ఉంటుంది. కానీ కొలెట్ దాన్ని చుట్టూ సమంగా పట్టదు. నిమిషానికి ఇరవై వేలకు పైగా చుట్లు తిరిగేటప్పుడు కాడ జారి, గాడి లోతు దానంతటదే పెరుగుతుంది, లేదా బిట్ ఊడి వస్తుంది. కాడకు కాగితం చుట్టి బిగించడం ప్రాణాపాయం. కాడ సైజు కొలెట్ సైజు ఒకటే కావాలి, వేరే దారి లేదు.

కాడ ఎంత మందమైతే కోత అంత నున్నగా ఉంటుంది. ఒకే పొడవులో వంపును తట్టుకునే బిగువు మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. పావు అంగుళం కాడకన్నా అర అంగుళం కాడ 16 రెట్లు బిగువు. 6 నుంచి 8 మి.మీ.కి మారినా మూడు రెట్లు పెరుగుతుంది. బిగువు తగ్గితే బిట్ కంటికి కనిపించనంత వంగి అదురుతుంది, ఆ అదురు అంచు మీద అలలుగా దిగుతుంది. అదే కారణంగా అవసరానికి మించి పొడవైన బిట్ కొనకూడదు. 18 మి.మీ. ప్లైకి 22 లేదా 25 మి.మీ. కోత పొడవు చాలు. బిట్‌ను కొలెట్‌లోకి పూర్తిగా దించి, అడుగుకు ఆనాక రెండు మూడు మిల్లీమీటర్లు పైకి తీసి బిగించాలి. ఆనించి బిగిస్తే బిగింపులో కాడ సర్దుకునే చోటుండదు, పట్టు వదులవుతుంది. కాడ నుంచి కోత భాగానికి లావు మారే వంపు కొలెట్ లోపలికి పోకూడదు. బిట్ మార్చే ప్రతిసారీ ప్లగ్ పీకాలి. స్విచ్ ఆపడం సరిపోదు.

వేగం గురించి చాలామందికి ఉన్న నమ్మకం తలకిందులుగా ఉంది. నిదానంగా నడిపితే నున్నగా వస్తుందనుకుంటారు. లెక్క చూస్తే అది ఎందుకు తప్పో తెలుస్తుంది. నిమిషానికి 18,000 చుట్లు తిరిగే రెండంచుల బిట్ నిమిషంలో 36,000 సార్లు చెక్కను తాకుతుంది. యంత్రం నిమిషానికి 3.6 మీటర్లు సాగితే ఒక్కో తాకుడుకు 0.1 మి.మీ. మందం చెక్క తెగుతుంది. ఆ వేగంతో ఎనిమిదడుగుల షీటు అంచు పూర్తవడానికి 41 సెకన్లు పడుతుంది. భయంతో నాలుగోవంతు వేగానికి తగ్గిస్తే రెండు నిమిషాల 43 సెకన్లు పడుతుంది, ఒక్కో తాకుడుకు తెగేది 0.025 మి.మీ. అంత పలచగా అంచు కోయలేదు, రుద్దుతుంది. రుద్దితే వేడి, వేడికి బిట్‌కు మకిలి అంటుకుంటుంది, అంచు మాడుతుంది, పదును పోతుంది. చేతిలోకి తీసుకున్న పొట్టు చిన్న తునకలుగా ఉంటే వేగం సరిపోయినట్టు. పిండిలా ఉంటే చెయ్యి వేగం పెంచాలి, లేదా యంత్రం చుట్లు తగ్గించాలి. సీఎన్‌సీ మీద 6 మి.మీ. బిట్‌కు ఒక్కో తాకుడుకు 0.2 మి.మీ. పెట్టినా ప్లై తట్టుకుంటుంది, అంటే అదే 18,000 చుట్ల దగ్గర నిమిషానికి 7.2 మీటర్లు. మధ్యలో ఆగి నిలబడటం అన్నిటికన్నా చెడ్డది. ఆగిన చోట నల్లటి మచ్చ ఖాయం.

పెద్ద బిట్లకు చుట్లు తగ్గించాలి. 6 మి.మీ. బిట్ నిమిషానికి 24,000 చుట్లు తిరిగితే దాని అంచు సెకనుకు ఏడున్నర మీటర్లు కదులుతుంది. 50 మి.మీ. బిట్‌ను అదే చుట్ల మీద తిప్పితే అంచు సెకనుకు 63 మీటర్లు, అంటే గంటకు 226 కిలోమీటర్లు. అతికించిన కార్బైడ్ పలక ఆ వేగంలో ఊడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. బిట్ మీద గరిష్ఠ చుట్లు ముద్రించి ఉంటే దాన్ని దాటకూడదు. వేగం తగ్గించే మీట లేని చవక ట్రిమ్మర్లకు పెద్ద బిట్లు బిగించకూడదు.

లోతు విషయంలో చేతి యంత్రానికి ఒక సులువైన హద్దు ఉంది. ఒక దఫాలో బిట్ వ్యాసానికి మించి దించకూడదు, సగం దగ్గర ఆగితే మరీ మంచిది. 6 మి.మీ. బిట్ అయితే 3 నుంచి 6 మి.మీ. బీరువా వెనక పలకకు గాడి తీసేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. 6 మి.మీ. అని కొన్న ప్లై కొలిస్తే 5.5 రావడం మామూలే, 6 మి.మీ. గాడిలో అది వదులుగా ఆడుతుంది. వెర్నియర్‌తో షీటును కొలిచి, 5 మి.మీ. బిట్‌తో రెండు గీతలుగా సరిపోయే వెడల్పు తీయడమే సరైన పద్ధతి. గాడి నిటారుగా దించాలంటే బిట్ కొసన కూడా కోసే అంచు ఉండాలి. కొన్ని స్ట్రెయిట్ బిట్లకు అది ఉండదు, వాటిని పక్కనుంచే చెక్కలోకి తేవాలి.

దిశ. పైనుంచి చూస్తే చేతి రౌటర్ బిట్ సవ్యదిశలో తిరుగుతుంది. బిట్ తిరుగుడు చెక్కకు ఎదురు వచ్చేలా యంత్రాన్ని నడిపితే అదుపు చేతిలో ఉంటుంది. పలక బయటి అంచు చుట్టూ అపసవ్యదిశలో, సింకు కోసం తీసే రంధ్రం వంటి లోపలి కోతలో సవ్యదిశలో సాగాలి. రౌటర్ టేబుల్ మీద చెక్కను కుడి నుంచి ఎడమకు తోయాలి. వ్యతిరేక దిశలో నడిపితే యంత్రం చేతిలోంచి పరుగెత్తుతుంది. అనుభవజ్ఞులు తొలి గీతకు మాత్రం ఒక మిల్లీమీటరు లోపు అలా నడుపుతారు, ముఖం పొర నున్నగా తెగుతుంది. కొత్తవారికి అది నేర్పకూడదు. సీఎన్‌సీలో చెక్క బిగించి ఉంటుంది కాబట్టి రెండు దిశలూ వాడవచ్చు. బిట్ ముందుకు సాగుతుంటే గాడి కుడి గోడ ఒక తీరున, ఎడమ గోడ మరో తీరున తెగుతుంది. అదే షీటు తునక మీద ఒక గాడి తీసి, రెండు గోడల్లో ఏది నున్నగా ఉందో చూసి, ఆ గోడ పనిముక్క వైపు వచ్చేలా దారి పెట్టుకోవాలి.

మూలల దగ్గర పెచ్చు లేవడానికి మందు వరసలో ఉంది. ముఖం పొర నారకు అడ్డంగా ఉన్న రెండు వైపులా ముందు కోయాలి, నార వెంబడి ఉన్న వైపులు తర్వాత. అడ్డకోత బయటికి వచ్చే మూల దగ్గర చీలినా, తర్వాతి కోత ఆ చీలికను తీసేస్తుంది. కోత ముగిసే చోట ఒక చెక్కముక్క ఆనించి బిగిస్తే చీలదు కూడా.

లామినేట్ అతికించాక అంచు సరిచేసే ఫ్లష్ ట్రిమ్ బిట్‌కు కొసన బేరింగ్ ఉంటుంది. బేరింగ్ ప్లై అంచును పట్టుకుని నడుస్తుంది, కాబట్టి ప్లై అంచులో గుంట ఉంటే లామినేట్‌లోనూ గుంట పడుతుంది. అతికించడానికి ముందే అంచు సరిచేయాలి. బయటికి కారిన ఫెవికాల్ బేరింగ్‌కు అంటుకుంటే అది తిరగడం మాని లామినేట్‌ను రుద్ది మచ్చ చేస్తుంది. పని మొదలుపెట్టేముందు వేలితో తిప్పి చూసుకోవడం అర నిమిషం పని.

బిట్‌కు పట్టిన జిగురు మరకను కిరోసిన్‌లో నానబెట్టి పాత టూత్ బ్రష్‌తో తోమితే పోతుంది. బేరింగ్‌ను ముందే తీసి పక్కన పెట్టాలి. మొద్దుబారిందని పక్కన పడేసిన బిట్లలో కొన్నిటికి పట్టింది మకిలే. నిజంగా పదును తగ్గిన స్ట్రెయిట్ బిట్‌ను వజ్రపు రేణువుల పలక మీద దాని చదును ముఖం వైపు మాత్రమే, రెండు అంచులకూ సమంగా, నాలుగైదుసార్లు రుద్దవచ్చు. వాలు ముఖాన్ని తాకితే వ్యాసం మారుతుంది. స్పైరల్ బిట్లకు ఇంట్లో సాన పట్టడం కుదరదు.

ఒంటికి సంబంధించిన జాగ్రత్తలు పాఠం చివర కాదు, మొదటి రోజే చెప్పాలి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్కపొడిని 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. ప్లై జిగురులోని ఫార్మాల్డిహైడ్ కూడా ఆ వర్గంలోనే ఉంది. పొడి పీల్చే వాక్యూమ్ గొట్టం, ఎన్95 మాస్కు, కళ్లద్దాలు, చెవులకు ప్లగ్‌లు విలాసాలు కావు. మెడలో వేలాడే తువ్వాలు, చేతి గ్లోవ్స్ మాత్రం తిరిగే బిట్ దగ్గర ఉండకూడదు.

పీఎం విశ్వకర్మ పథకం 2023 సెప్టెంబర్ 17న మొదలైంది. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగం ఒకటి. ప్రాథమిక శిక్షణ ఐదు నుంచి ఏడు రోజులు, పనిముట్లకు ఇచ్చే సాయం రూ. 15,000 వరకు. ఆ కొద్ది రోజుల్లో బిట్ల పాఠానికి ఒక పూట చాలు. యంత్రం ఏళ్ల తరబడి ఉంటుంది, బిట్ మాత్రం అరిగిపోయే సరుకు. ఈ తేడా చెప్పకుండా యంత్రం ఒక్కటే చేతికిస్తే, దానితో వచ్చిన బిట్ మొద్దుబారిన రోజు నుంచే పనివాడికి చెడ్డపేరు మొదలవుతుంది.

ఆ పూటకు కావలసిన సామగ్రి కొంచెమే. 18 మి.మీ. ప్లై తునకలు, ఒక ట్రిమ్మర్, కార్బైడ్ స్ట్రెయిట్ బిట్లు రెండు (ఒకటి కొత్తది, ఒకటి అరిగినది), అప్‌కట్, డౌన్‌కట్ బిట్లు ఒక్కొక్కటి. ప్రతి విద్యార్థి నారకు అడ్డంగా నాలుగు బిట్లతో నాలుగు కోతలు కోయాలి. తర్వాత కింద ఆసరా పలక బిగించి అవే నాలుగు మళ్లీ కోయాలి. ఎనిమిది అంచులనూ పక్కపక్కన పెట్టి, ఏ బిట్‌తో, ఎన్ని చుట్ల మీద, ఆసరాతోనా లేకుండానా అన్నది పెన్సిల్‌తో రాసి వర్క్‌షాపు గోడకు తగిలించాలి. వచ్చే బ్యాచ్ మొదలయ్యేలోపు ఈ అభ్యాసాన్ని ప్రాక్టికల్ జాబితాలో చేర్చాలని, ప్రతి శిక్షణ కేంద్రంలో బిట్ల కొనుగోలుకు యంత్రాల పద్దు నుంచి వేరుగా ఏటా కొంత సొమ్ము కేటాయించాలని మీకు విన్నపం.